వంపు తిరిగిన పైకప్పు

మోటారు వాహనాలను గురించి వ్రాయడానికి నాకు గల అర్హత ఏమిటని ఎవరైనా ప్రశ్నిస్తే సమాధానం చెప్పలేను. ముప్పైనాలుగేళ్ళపాటు పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో తెలుగు పండితునిగా పనిచేసినవాణ్ణి. అందులో ఇరవై ఏళ్ళు సైకిలు మీద, తక్కినవి స్కూటరు మీద గడిచిపోయాయి. కారు నడపడం ఈనాటికీ రాదు. అయినా ఒక కారును గురించీ, దానితో పోటీ పడిన మరికొన్ని కార్లను గురించీ నాలుగు మాటలు వ్రాద్దామని కూర్చున్నాను. కారణం పోను పోను తెలుస్తుంది. చదువరులు కాస్త ఓపిక పట్టాలి.

మా అబ్బాయి మ్యూనిక్ నగరంలో ఉద్యోగి. 2024 వేసవిలో నేనూ మా ఆవిడా అతని వద్ద రెండున్నర నెలలు ఉండి వచ్చాము. వెళ్ళిన మరునాటి ఉదయం నన్ను మేడ క్రిందికి తీసుకువెళ్ళి, వీధి వారగా నిలిపి ఉన్న ఒక వెండిరంగు కారును చూపించి “ఇదే నాన్నగారూ” అన్నాడు. పాత కారు ఒకటి కొన్నానని ఫోనులో చెప్పి ఉన్నాడు. అంతకు మించి చెప్పలేదు. చూడగానే తాబేటి చిప్ప గుర్తుకు వచ్చింది. మూడు విల్లులు: ముందుభాగం ఒక విల్లు, పైకప్పు ఒక విల్లు, వెనుకభాగం ఒక విల్లు. ఎటునుంచి చదివినా ఒకటిగానే ఉండే ‘వికటకవి’ అన్న మాటలాగా, ముందేదో వెనుకేదో ఒక్క క్షణం తెలియదు. చక్రాల మీది కమానులు వృత్తలేఖినితో గీసినట్లున్నాయి.

అది ఆడి టీటీ. 2001లో తయారైన బండి. దానిని గుర్తుపట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. గుర్తుపట్టిన తరువాత నోట మాట రాలేదు. ఆ సంగతి చివర చెబుతాను.

మేము అక్కడ ఉన్న రోజుల్లోనే ఒక సమస్య వచ్చిపడింది. మావాడి కార్యాలయంలో నరసరావుపేట అబ్బాయి ఒకడున్నాడు. అతని వద్ద పోర్షే బాక్‌స్టర్ ఉంది. అది కూడా ఇంచుమించు ఆ ఈడుదే. అతడు ఇండియాకు తిరిగి వచ్చేయాలని నిశ్చయించుకొని, “నీ టీటీ అమ్ముకో, పైన కొంచెం కలిపి నా బండి తీసుకో” అని మావాడితో అన్నాడు. మావాడు నాలుగు రోజులు తర్జనభర్జన పడి, ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర “మీరేమంటారు నాన్నగారూ?” అని నన్ను అడిగాడు. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగాడు. నా గొంతులో ముద్ద ఆగింది. ఒకప్పుడు అతని విషయంలో అడగకుండానే నిర్ణయాలు చేసినవాణ్ణి నేను.

సరే, తీర్పు చెప్పాలంటే ముందు వ్యాజ్యం తెలియాలి కదా. ఆ వారమంతా అతని చేత పాఠం చెప్పించుకున్నాను. నా జీవితంలో మా అబ్బాయి వద్ద పాఠం విన్నది అదే మొదలు.

టీటీకి పుట్టుక ఒక బొమ్మ. 1995 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ వాహన ప్రదర్శనలో దానిని నమూనాగా మాత్రమే ఉంచారు. కాలిఫోర్నియాలో ఉన్న రూపకల్పన కేంద్రంలో జె మేస్, ఫ్రీమన్ థామస్ అనే ఇద్దరు దాని రూపానికి ప్రాణం పోశారు. చూచినవారు వెర్రెత్తిపోయారు. సాధారణంగా ఇటువంటి నమూనాలు ప్రదర్శనలో ఒక రకంగానూ, అంగడికి వచ్చేసరికి మరొక రకంగానూ ఉంటాయట. పెళ్ళిచూపుల్లో చూపిన పిల్ల వేరు, పీటల మీద కూర్చున్న పిల్ల వేరు అన్నట్లు. పీటర్ ష్రైయర్ నాయకత్వంలో దానిని 1998లో అమ్మకానికి తెచ్చినప్పుడు మాత్రం రూపం దాదాపు చెక్కుచెదరలేదు. తలుపు వెనుక ఒక చిన్న మూడు మూలల కిటికీ అద్దం చేర్చారు. దానివల్ల పైకప్పు గీత మరింత తేలికగా జారినట్లు కనిపిస్తుందని మావాడి అభిప్రాయం. పేరులోని రెండు టకారాలు ‘టూరిస్ట్ ట్రోఫీ’ అనే మాటకు సంక్షేపం. ఇంగ్లండుకూ ఐర్లండుకూ నడుమనున్న మాన్ దీవిలో ఏటా జరిగే మోటారు సైకిళ్ళ పందెం అది.

ఇంత అందమైన దేహానికి లోపలి ఎముకలు ఎక్కడివి? ఇక్కడే ప్రత్యర్థుల నోళ్ళు లేచాయి. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ అనే మధ్యతరగతి కుటుంబాల కారుకు ఏ పునాది వాడారో, స్కోడా ఆక్టేవియాకు ఏది వాడారో, టీటీకీ అదే. ఇంజను అడ్డంగా, ముందు ఇరుసుకు కాస్త ముందుగా కూర్చుంటుంది. 1.8 లీటర్లు, నాలుగు సిలిండర్లు, టర్బో. అందువల్ల “పట్టుబట్ట కట్టిన గోల్ఫ్” అన్న తీరులో దీనిని వెక్కిరించినవారు చాలామంది ఉన్నారట.

ఈ ఆక్షేపణ నాకు క్రొత్తగా తోచలేదు. వసుచరిత్రకు కథ ఎక్కడిది? భారతం ఆదిపర్వంలో ఒక మూలనున్న ఉపరిచర వసువు కథ. పిడికెడు కథను తీసుకొని రామరాజభూషణుడు ఆరాశ్వాసాల సౌధం కట్టాడు. కథ అరువుదని ఆ కావ్యాన్ని ఎవరు తీసివేశారు? కాళిదాసు శకుంతల మాత్రం భారతం నుంచి రాలేదా? వస్తువు ఎక్కడినుంచి వచ్చిందన్నది విమర్శలో మొదటి ప్రశ్నయే గాని చివరి ప్రశ్న కాదు. ఈ మాట చెబితే మావాడు పకపకా నవ్వి, “జర్మనీ పత్రికలవాళ్ళకు మీరు ఉత్తరం వ్రాయండి నాన్నగారూ” అన్నాడు. నవ్వితే నవ్వాడు గాని, నేను అన్నది సరియే అని నా నమ్మకం.

ఇక ప్రతివాది. బాక్‌స్టర్ 1996లో వచ్చింది. దాని జాతకం పూర్తిగా వేరు. ఇంజను కూర్చునే చోటు నుంచి ఆలోచన మొదలుపెట్టి, బయటి రేకును తరువాత తొడిగిన బండి అది. ఇంజను సీట్ల వెనుక, వెనుక ఇరుసుకు ముందు, అంటే దాదాపు బండి నడుమ ఉంటుంది. ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున అటూ ఇటూ పడుకొని ఉంటాయి. శక్తి అంతా వెనుక చక్రాలకే. నరసరావుపేట అబ్బాయిది 2.7 లీటర్ల బండి, 220 అశ్వశక్తి. మావాడిది 225. నిలుచున్న చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి టీటీకి 6.4 సెకండ్లు, బాక్‌స్టర్‌కు 6.6. గరిష్ఠ వేగంలో 243కు 250. కాగితం మీద ఇద్దరూ సమ ఉజ్జీలు. ధరలో మాత్రం, క్రొత్తవిగా ఉన్న రోజుల్లో, టీటీ చవుక.

ఒక్క ఆక్షేపణకు ఇక్కడే సమాధానం చెప్పాలి. టీటీ పైకప్పు ఉన్న కూపే, బాక్‌స్టర్ గుడ్డకప్పు మడిచే బండి, రెంటికీ పోలిక ఏమిటని అడగవచ్చు. ఆ తరగతిలో పోర్షేకు కూపే లేదు, 2005లో కేమన్ వచ్చేదాకా. అందుచేత అప్పటి విమర్శకులు ఈ రెంటినే ఎదురెదురుగా నిలబెట్టారు.

కాగితాన్ని నమ్మకూడదని ఒక ఆదివారం నాడు తెలిసింది. మ్యూనిక్ నుంచి దక్షిణంగా గార్మిష్ వెళ్ళే రహదారిలో కొంత దూరం పోయి, కోహెల్ అనే ఊరివైపు తిరిగితే, అక్కడినుంచి వాల్హెన్ సరస్సుకు కెస్సెల్‌బెర్గ్ అనే కనుమ దారి ఉంది. మెలికలు మెలికలుగా కొండ ఎక్కుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ కార్ల పందేలు జరిగేవి. మేము ముగ్గురం రెండు కార్లలో వెళ్ళాము. ఎక్కేటప్పుడు నేను మావాడి పక్కన కూర్చున్నాను. సరస్సు దగ్గర ఆగి, దిగి, మళ్ళీ ఎక్కేటప్పుడు “రండి బాబాయిగారూ, ఇప్పుడు నా వంతు” అని ఆ అబ్బాయి నన్ను బాక్‌స్టర్‌లో కూర్చోబెట్టుకున్నాడు.

ఏ మాటకు ఆ మాటే చెప్పుకోవాలి. టీటీ మలుపు తిరిగినప్పుడు అది తిరుగుతున్నదని నాకు తెలిసింది. ముక్కు ఒక్క క్షణం సందేహించి, ఆ పైన ఒప్పుకొని తిరుగుతుంది. బాక్‌స్టర్ విషయంలో మలుపు రావడం తెలిసింది, అయిపోవడం తెలిసింది, నడుమ ఏమీ తెలియలేదు. దీనికి కారణం పిల్లలకు చెప్పినట్లు చెబుతాను. ఒక కర్ర తీసుకొని దాని కొసకు రాయి కట్టి, నడుమ పట్టుకొని గిర్రున త్రిప్పి చూడండి. త్రిప్పడం కష్టం, ఆపడం మరింత కష్టం. అదే రాయిని నడుమ మీ పిడికిలి దగ్గర కట్టండి. కర్ర చెప్పినట్లు వింటుంది. టీటీలో రాయి కొసన ఉంది, బాక్‌స్టర్‌లో పిడికిట్లో ఉంది. పైగా బాక్‌స్టర్ నూరు కిలోలకు పైగా తేలిక.

టీటీ పక్షాన కూడా ఒక మాట ఉంది. మావాడి బండికి నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు ఉంది. మామూలు నడకలో ముందు చక్రాలే లాగుతాయి. అవి జారి, ముందు ఇరుసు వెనుకదానికన్న వేగంగా తిరగడం మొదలుపెట్టగానే, ఆ తేడాయే ఒక చిన్న పంపును నడుపుతుంది. దాని నుంచి వచ్చే నూనె ఒత్తిడికి క్లచ్చి పలకలు బిగుసుకొని శక్తి వెనుకకు పోతుంది. హాల్డెక్స్ అనే స్వీడను సంస్థ చేసిన ఉపాయం. ఆ నాడు దిగేటప్పుడు వాన పట్టుకుంది. తడిసిన మలుపుల్లో మావాడు నిశ్చింతగా వచ్చాడు. వెనుక చక్రాల బండిలో నా పక్కనున్న అబ్బాయి మాటలు మానేశాడు. బవేరియాలో చలికాలం మంచు ఎంత పడుతుందో తెలిసినవారికి ఈ గుణం చిన్నది కాదు.

తక్కిన ప్రత్యర్థులను త్వరగా ముగిస్తాను. అవేవీ నేను ఎక్కినవి కావు, విన్నవీ చూచినవీ. విచిత్రమేమంటే ఆడి ఉన్న ఇంగోల్‌స్టాట్, బీఎండబ్ల్యూ ఉన్న మ్యూనిక్, మెర్సిడెసూ పోర్షే రెండూ ఉన్న స్టుట్‌గార్ట్, అన్నీ దక్షిణ జర్మనీలోనే. ఒక పూటలో చుట్టి రావచ్చు. ఒకే ఆస్థానంలో కవుల్లాగా ఒకరి పద్యం ఒకరు వింటూనే వ్రాసుకున్నారు. మెర్సిడెస్ ఎస్ఎల్‌కే 1996లో ఉక్కు పైకప్పునే మడతపెట్టి డిక్కీలోకి దించే విద్య చూపించింది. చూడ ముచ్చటే గాని, పందెపు ఉబలాటం తక్కువ అని పేరు తెచ్చుకుంది. బీఎండబ్ల్యూ జీ3కి పొడవాటి ముక్కు. దానికి 1998లో కప్పు వేసి కూపే చేస్తే, చూచినవారు విదూషకుని బూటు అన్నారు. నడిపినవారు మాత్రం దానిని ప్రాణప్రదంగా చూచుకుంటారట. 2002లో దాని స్థానంలో జీ4 వచ్చింది. లోతుగా నొక్కినట్లుండే దాని ప్రక్క రేకులను గురించి అప్పట్లో పెద్ద రగడ జరిగింది. అదే ఏడు జపానువారి నిస్సాన్ 350 జీ వచ్చి, 3.5 లీటర్ల ఇంజనును టీటీ ధరకు అటూ ఇటూగా ఇచ్చి అందరినీ ఇరుకున పెట్టింది. బలంలో టీటీ దాని ముందు నిలువలేదు. 2003లో ఆడివారు 3.2 లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను పెట్టి కొంత సమాధానం చెప్పారు. ఆ సంవత్సరమే వచ్చిన మాజ్డా ఆర్ఎక్స్-8 అన్నిటికన్న నాకు నచ్చిన వింత. దానిలో పైకీ క్రిందికీ పోయే పిస్టనే లేదు. మూడు మూలల చక్రాలు గుండ్రంగా తిరుగుతూ శక్తినిస్తాయి. నలుగురు కూర్చోవచ్చు. వెనుక తలుపులు ఎదురుగా తెరుచుకుంటాయి. పింగళి సూరన చూస్తే మెచ్చుకొని ఉండేవాడు. నూనె మాత్రం త్రాగుతుందట. 2012తో దాని ఉత్పత్తి ఆగిపోయింది.

ఇక అసలైన ఘట్టం. దీనిని మావాడు చెప్పకుండా దాటవేయవచ్చు, కాని దాటవేయలేదు.

టీటీ వచ్చిన మొదటి సంవత్సరంలోనే జర్మనీ రహదారుల మీద ప్రమాదాలు జరిగాయి. గంటకు 180 కిలోమీటర్లు మించిన వేగంలో, హఠాత్తుగా వరుస మారినప్పుడో, మలుపు తిప్పినప్పుడో, వెనుకభాగం పట్టు తప్పేది. కొందరు చనిపోయారు. కారణం వెదకగా అందరూ మెచ్చుకున్న ఆ వంపు కూడా అందులో ఉంది. నున్నగా క్రిందికి జారే వెనుకభాగాన్ని గాలి విడిచిపెట్టకుండా అంటిపెట్టుకొని పోతుంది. విమానం రెక్క మీద జరిగేదే ఇక్కడా జరిగి, వేగం హెచ్చేకొద్దీ వెనుక చక్రాల మీద భారం తగ్గుతుంది. బరువు తగ్గిన చక్రానికి నేల మీద పట్టెక్కడిది? సంస్థవారు 1999 చివర అమ్మిన కార్లను వెనక్కు పిలిపించారు. జారుడును పసిగట్టి ఏ చక్రానికి ఆ చక్రానికి బ్రేకు వేసే స్థిరత్వ యంత్రాన్ని పెట్టారు, స్ప్రింగుల అమరిక సవరించారు, వెనుక డిక్కీ మూత అంచున ఒక చిన్న రేకు బిగించారు. స్పాయిలర్ అంటారు. గాలి అక్కడ తెగిపోవడానికి.

మావాడి బండి 2001 నాటిది కనుక ఆ రేకు పుట్టుకతోనే ఉంది. ఒక సాయంకాలం నన్ను ప్రక్కనుంచి కొంత దూరంలో నిలబెట్టి, తాను కారు వెనుకకు పోయి, ముంజేతిని ఆ రేకుకు అడ్డంగా పెట్టి కప్పాడు. “ఇప్పుడు చూడండి నాన్నగారూ. మొదట గీసినవాళ్ళు ఇలా గీశారు.” చెయ్యి తీశాడు. “ఇప్పుడు చూడండి.” మళ్ళీ పెట్టాడు. ప్రక్క ఇంటి ముసలాయన ఒకడు బాల్కనీలో నిలబడి మా ఇద్దరినీ వింతగా చూస్తున్నాడు. తేడా జానెడు రేకు. కాని గీత నిజంగానే తెగింది. దోషం తెలిసింది.

అప్పుడు నాకు తోచినది ఇది. మేము చదువుకున్న లక్షణ గ్రంథాల్లో అలంకారం అంటే ఉన్న అందానికి పైన చేర్చేది. కాశ్మీరు దేశపు క్షేమేంద్రుడు ఔచిత్యం లేని అలంకారం అలంకారమే కాదన్నాడు. మెడలో ఉండవలసినది నడుముకు కట్టుకుంటే నవ్వులపాలే కదా. ఈ కారులో అంతా తలక్రిందులైంది. అందం మొదట వచ్చింది, అది ప్రాణాల మీదికి తెచ్చింది. అందాన్ని చెడగొట్టే ఆభరణం ప్రాణాలు కాపాడింది. ఆ రేకు అలంకారం కాదు, ఔచిత్యం. బాక్‌స్టర్‌లో ఈ చిక్కు రాలేదు. దాని వెనుక కూడా రేకు ఉంది. వేగం హెచ్చినప్పుడు దానంతట అదే పైకి లేస్తుంది, నెమ్మదించగానే అణగిపోతుంది. మొదటినుంచే ఆలోచించి పెట్టారు. టీటీ రెండవ అవతారం 2006లో వచ్చినప్పుడు ఆడివారూ అదే చేశారు. లేచే రేకు పెట్టారు, దేహంలో ఎక్కువ భాగం అల్యూమినియంతో చేశారు. తప్పు దిద్దుకోవడానికి ఒక తరం పట్టింది.

ఇన్ని తెలిసిన తరువాత తీర్పు సులభం కావాలి. నడకలో బాక్‌స్టర్ గెలిచింది, దానికి అప్పీలు లేదు. వానలో, మంచులో, కొన్న ధరలో టీటీ గెలిచింది. లోపల కూర్చుంటే మళ్ళీ టీటీయే. గాలి వచ్చే గుండ్రని గవాక్షాలకు చుట్టూ అల్యూమినియం కంకణాలు, ఎక్కడ చెయ్యి పెట్టినా ప్లాస్టిక్ అనిపించని తీరు, పెట్రోలు పోసే మూతకు చుట్టూ మరలు. 1919లో వైమార్‌లో పుట్టిన బౌహౌస్ కళాశాల ఛాయలు దీనిలో చూస్తారట విమర్శకులు. వెనుక సీట్లు రెండున్నాయి గాని అవి పేరుకే. వెనుక అద్దం నెత్తి మీదికి దిగి వస్తుంది. మా ఆవిడ అయిదడుగులకు తక్కువ. కాళ్ళు ఒక ప్రక్కకు ముడుచుకొని రెండు వీధుల దూరం ప్రయాణం చేసి, “పొట్టిగా పుట్టినందుకు ఇన్నాళ్ళకు ఒక లాభం కనిపించింది” అంది. బాక్‌స్టర్‌లో ఆ వెసులుబాటు కూడా లేదు, ఇద్దరే.

ఇదంతా మావాడికి చెప్పాను. చెప్పి, “నీ ఇష్టం నాయనా” అన్నాను. అతడు కొంతసేపు నా ముఖంలోకి చూచి, “మీరు అలా అనడం ఎప్పుడూ వినలేదు” అన్నాడు.

తిరుగు ప్రయాణం రోజు వచ్చింది. మాకు రెండు పెద్ద సూట్‌కేసులు, రెండు చేతిసంచులు. ఏ కారులోనూ అందరం పట్టము. నరసరావుపేట అబ్బాయి వచ్చి బాక్‌స్టర్ ముందు డిక్కీ తెరచి చూపాడు, వెనుక డిక్కీ తెరచి చూపాడు. దానికి రెండూ ఉన్నాయి. మా సూట్‌కేసు ఒక్కదానిలోనూ దిగలేదు. టీటీలో వెనుక సీట్లు ముందుకు మడిస్తే అంతా ఒక కొట్టుగది అయింది. రెండూ దానిలోనే పట్టాయి. చివరకు సామానుతో నేను మావాడి బండిలో, చేతిసంచులతో మా ఆవిడ “పిన్నిగారూ, కొంగు జాగ్రత్త” అనిపించుకుంటూ కప్పు తీసిన పోర్షేలో. విమానాశ్రయం దాకా ఆవిడ నవ్వుతూనే ఉందని తరువాత తెలిసింది.

దారిలో నేను చెప్పదలచుకున్నది చెప్పాను.

1999లో మావాడు పదవ తరగతి. నా తరగతిలోనే చదివేవాడు. ఒకనాడు పద్యం అప్పజెప్పమని నిలబెడితే రాలేదు. వాచకం అందుకొని చూస్తే, ఖాకీ అట్ట లోపలి వైపున ఒక కారు బొమ్మ అంటించి ఉంది. ఏదో ఇంగ్లీషు మోటారు పత్రికలోనిది. దాని చుట్టూ పెన్సిలుతో అదే వంపును పదిసార్లు, ఇరవైసార్లు గీసి ఉన్నాడు. నలభైమంది పిల్లల ముందు ఆ అట్ట ఊడదీసి చింపాను. ఏమేమి అన్నానో ఇక్కడ వ్రాయను. రెండేళ్ళ తరువాత, అహమ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ ఒకటి ఉందట, ప్రవేశ పరీక్ష వ్రాస్తానని అడిగితే, “బొమ్మలు గీసి బ్రతుకుతావా?” అని ఒక్క మాటతో ముగించాను. ఇంజనీరింగు చదివాడు. మంచి ఉద్యోగమే చేస్తున్నాడు. కంప్యూటరు పని. బొమ్మలతో సంబంధం లేని పని.

“ఆ రోజు చింపినది ఈ కారు బొమ్మే కదరా” అన్నాను. “మొదటి రోజే గుర్తుపట్టాను. చెప్పడానికి రెండున్నర నెలలు పట్టింది.”

మావాడు దారి మీదినుంచి చూపు మరల్చలేదు. కొంత దూరం పోయాక అన్నాడు: “అదే పత్రికలో ఇంకొక చిన్న బొమ్మ ఉండేది నాన్నగారూ. అది మీ శబ్దరత్నాకరంలో పెట్టాను.”

“నా నిఘంటువులోనా?”

“మీ పుస్తకాల్లో ఉంటే నలగదని.”

సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలు సంపాదించుకున్న తరువాత శబ్దరత్నాకరాన్ని అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టించాను. ఇరవై ఏళ్ళు దాటింది. ఇంటికి చేరిన మూడవ రోజున నిచ్చెన వేయించి దానిని దింపించాను. అంచులు చెదలు తిన్నాయి. రకారంలో, రథము అన్న మాట ఉన్న పుటలో దొరికింది. అగ్గిపెట్టెకు రెండింతలు ఉంటుంది. వెండిరంగు వెలిసి పసుపు తిరిగింది. దీపం దగ్గరకు తీసుకుపోయి, కళ్ళజోడు తుడుచుకొని చూచాను. ప్రక్కనుంచి తీసిన బొమ్మ. మూడు వంపులూ ఉన్నాయి. వెనుక ఆ చిన్న రేకు లేదు.